పేషెంట్ తాలూకా ఎవరండీ?

ఆసుపత్రిలో నర్సు తలుపు సగం తెరిచి "నాలుగో బెడ్ పేషెంట్ తాలూకా ఎవరండీ?" అని కేకేస్తుంది. వరండాలో కుర్చీలో కునికిపాట్లు పడుతున్న ఒక మనిషి ఉలిక్కిపడి లేస్తుంది. మందుల చీటీ తీసుకుని కిందికి పరిగెత్తేది ఆ మనిషే, స్కానింగ్ దగ్గర స్ట్రెచర్‌కి ఓ చెయ్యి వేసేదీ, చదవకుండానే పది కాగితాల మీద సంతకాలు పెట్టేదీ, రాత్రి మంచం కింద చాప పరుచుకుని పడుకునేదీ ఆ మనిషే. పేరు ఎవరూ అడగరు, "పేషెంట్ తాలూకా" అంతే. ఆ మనిషి గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను, ఎందుకంటే మా ఇంట్లో ఆ మనిషి మా అమ్మ.

రెండేళ్ళ క్రితం కార్తీకమాసంలో, తెనాలిలో. అమ్మ తులసికోట దగ్గర దీపం పెట్టి లోపలికొచ్చేసరికి నాన్న చేతిలో కాఫీ గ్లాసు జారి కింద పడి ఉంది, మూతి ఒక పక్కకి లాగేసింది, కుడిచెయ్యి లేవట్లేదు. అమ్మ అరుపుకి చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చారు. ఒకరు ఆర్‌ఎంపీని పిలుద్దామన్నారు, ఇంకొకరు కాసేపు పడుకోబెడితే సర్దుకుంటుందన్నారు. ఎదురింటాయన మాత్రం లుంగీ మీదే కారు తీశాడు. వాళ్ళన్నయ్యకి అంతకు ముందెప్పుడో పక్షవాతం వచ్చి ఆలస్యమైందట. "వదినగారూ, నాలుగున్నర గంటల్లోపు ఇంజెక్షన్ పడాలి, ఏం సర్దుకోవద్దు, ఎక్కండి" అన్నాడు. గంటన్నరలో గుంటూరులో ఉన్నారు, స్కానింగ్ అయ్యింది, గడ్డ కరిగించే ఇంజెక్షన్ పడింది. నాన్న బతకడానికి డాక్టర్లెంత కారణమో, ఆ లుంగీ మనిషికి తన అన్నయ్య విషయంలో తెలిసొచ్చిన ఆ ఒక్క సంగతీ అంతే కారణమని నేను నమ్ముతాను.

పదకొండు రోజుల తర్వాత డిశ్చార్జ్ చేశారు. అప్పటికి కుడివైపు పూర్తిగా పడిపోయి ఉంది, మాట ముద్దముద్దగా వస్తోంది, మింగడం సరిగ్గా లేదని ముక్కులోంచి కడుపులోకి తిండి దిగే గొట్టం, రైల్స్ ట్యూబ్ అంటారు, ఉంచి పంపారు. ఆ రోజు బిల్లు సెటిల్ చేయడానికి నాకు మూడు గంటలు పట్టింది. ఆ ట్యూబులోంచి తిండి ఎలా పెట్టాలో అమ్మకి నేర్పడానికి వాళ్ళకి మూడు నిమిషాలు పట్టింది. సిరంజి ఇలా పెట్టండి, పైకి ఎత్తండి, దానంతటదే దిగుతుంది, అయ్యాక నీళ్ళు పోసి మూత పెట్టండి, అంతేనమ్మా. చేతిలో నాలుగు పేజీల డిశ్చార్జ్ సమ్మరీ పెట్టారు, మొత్తం ఇంగ్లీషులో. అమ్మ చదివింది ఏడో తరగతి, తెలుగు మీడియం. మూడో పేజీ కింద ఒక లైను ఉంది, తిండి పెట్టేటప్పుడూ పెట్టాక కూడా తల వైపు ఎత్తుగా ఉంచాలని. ఆ లైను నేను చదివాను. చదివి ఫైల్లో పెట్టేశాను. వారం తిరక్కుండా హైదరాబాద్ వెళ్ళిపోయాను, సెలవు అయిపోయింది మరి.

అమ్మ రాగిజావ కాచి, పల్చటి గుడ్డలో వడకట్టి, చల్లార్చి, సిరంజిలో పోసి చుక్క కింద పడకుండా పెట్టేది. వీడియో కాల్‌లో చూశాను, చిన్నపిల్లలకి ఉగ్గు పెట్టినంత ఓపిగ్గా. పెట్టడం అయిపోగానే వెనక దిళ్ళు తీసేసి వెల్లకిలా పడుకోబెట్టేది. ఎందుకమ్మా అని అడగాలని నాకు తోచలేదు. పాపం ఇంతసేపు కూర్చుంటే నడుం నొప్పి పుడుతుందని ఆవిడ బాధ. ఇంటికొచ్చిన తొమ్మిదో రోజు జ్వరం, ఊపిరి తీస్తుంటే గురగుర చప్పుడు. జావ ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా. మళ్ళీ ఐసీయూ, ఆరు రోజులు. డ్యూటీ డాక్టర్ అడిగాడు, "పెట్టాక అరగంట, గంట కూర్చోబెట్టి ఉంచమని చెప్పలేదా మీకు?" అమ్మ ఏమీ అనలేదు. బయటికొచ్చాక గోడకి ఆనుకుని, "నా చేత్తో నేనే చంపుకునేదాన్నే" అంది.

ఆ మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. ఆవిడ తప్పేముంది అందులో? ప్రేమ తక్కువైందా, ఓపిక తక్కువైందా? తెలియాల్సిన ఒక్క ముక్క తెలుగులో ఎవరూ చెప్పలేదు, చదివిన నేను కూడా చెప్పలేదు.

ఇంట్లో మనిషికి జబ్బు చేస్తే మనవాళ్ళు దగ్గరుండి చూసుకుంటారు, అది మన గొప్పతనం అని అందరం అంటాం. కాదనను, నిజంగానే చూసుకుంటాం. కానీ ఆ గొప్పతనం మాటున రోగిని చూసుకోవడం అనేది ఒక పని అన్న సంగతి మర్చిపోతున్నాం. నేర్చుకుంటే తప్ప రాని పని, ఒక్కళ్ళు చేస్తే విరిగిపోయే పని. కుటుంబం ఉంది కదా అని ఆసుపత్రి చేతులు దులుపుకుంటుంది, భార్య ఉంది కదా అని కుటుంబం చేతులు దులుపుకుంటుంది. చివరికి ఒక ఆడమనిషి నడుము మీద వచ్చి పడుతుంది మొత్తం.

చరక సంహితలో, సూత్రస్థానంలో, వైద్యానికి నాలుగు పాదాలు చెప్పారు: వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి. అంటే పక్కనుండి చూసుకునే మనిషి అంత పాత రోజుల్లోనే వైద్యంలో పావు వంతు. ఆ పరిచారకుడికి ఉండాల్సిన గుణాలు కూడా నాలుగు చెప్పారు. మొదటిది ఉపచారజ్ఞత, సేవ ఎలా చేయాలో తెలిసి ఉండటం. తర్వాత దాక్ష్యం, పనిలో నేర్పు. రోగి మీద అనురాగం మూడోది, శుభ్రత నాలుగోది. ఇది తెలిసిన రోజు నేను చాలాసేపు అలా కూర్చుండిపోయాను. అమ్మ దగ్గర మూడోదీ నాలుగోదీ కుండలకొద్దీ ఉన్నాయి, మొదటిది ఆవిడకి ఇవ్వాల్సింది మేమూ ఆసుపత్రీ.

ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. కర్ణాటకలో నారాయణ ఆసుపత్రుల్లో నూరా హెల్త్ అనే సంస్థతో కలిసి వార్డులోనే రోగుల బంధువుల్ని కూర్చోబెట్టి, వాళ్ళ భాషలో, వీడియోలు చూపించి, చేత్తో చేయించి నేర్పడం మొదలుపెట్టారు. తర్వాత అది చాలా ఆసుపత్రులకి పాకింది. దానికి పెద్ద మెషీన్లేం అక్కర్లేదు, ఒక నర్సు, అరగంట టైము, తెలుగులో రాసిన ఒక కాగితం. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే పిరుదుల పైన ఎముక దగ్గర పుండు పడుతుంది. మింగడం పరీక్షించకుండా నోట్లో మంచినీళ్ళు కూడా పోయకూడదు. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగకూడదు, భుజం జారుతుంది. పక్కటెముకలు ఎగరేస్తూ ఊపిరి తీస్తుంటే ఆగకుండా ఆసుపత్రికి రావాలి. ఇలాంటివి ఓ పది ఉంటాయేమో. అవి చెప్పి, తిరిగి చేయించి చూసి, అప్పుడు డిశ్చార్జ్ కాగితం మీద సంతకం పెట్టాలని నేనంటాను. బిల్లు కట్టిన రసీదు చూపిస్తే తప్ప గేటు దాటనివ్వనప్పుడు, ఈ పని వచ్చిందని చూపించాకే పంపితే ఏం పోతుంది?

ఇక్కడ నాకు ఎదురు వచ్చే ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో, 1250 మంది పక్షవాత రోగులతో అటెండ్ అనే పెద్ద పరిశోధన చేశారు, ఫలితాలు 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. సగం మందికి మామూలు వైద్యం, మిగతా సగం మందికి దాంతోపాటు ఇంట్లో వాళ్ళకి వ్యాయామాలు చేయించడం నేర్పారు. ఆరు నెలల తర్వాత చూస్తే చనిపోయినవాళ్ళూ, వేరొకరి మీద ఆధారపడి ఉన్నవాళ్ళూ కలిపి రెండు గుంపుల్లోనూ 47 శాతమే, ఏమీ తేడా లేదు. మొదటిసారి చదివినప్పుడు నీరసం వచ్చింది, అయితే నేర్పి లాభం లేదా అని. నాకిప్పుడు అర్థమైంది వేరు. ఫిజియోథెరపిస్టు చేయాల్సిన పని భార్యకి అప్పజెప్పేస్తే ఆవిడ ఫిజియోథెరపిస్టు అయిపోదు. అప్పటికే తిండి, స్నానం, మందులు, డైపర్లు, వచ్చిపోయే చుట్టాలు, దాని మీద రోజుకి గంట వ్యాయామం. ఇంటి మనిషి ఆపగలిగేవి పుండ్లు, పొరమారడం, మందు మర్చిపోవడం, దిగులుతో రోగి గోడకేసి తిరిగిపోవడం లాంటివి. నడిపించడానికి నడిపించే మనిషి కావాలి, వారానికి మూడుసార్లు ఇంటికి రావాలి. తమిళనాడులో 2021 ఆగస్టులో 'మక్కళై తేడి మరుత్తువం' పథకం మొదలుపెట్టి బీపీ, షుగర్ మాత్రలతోపాటు ఫిజియోథెరపీ కూడా ఇంటి గుమ్మం దగ్గరికే పంపుతున్నారు. పక్క రాష్ట్రమే కదా. మేము మాత్రం విజిట్‌కి ఐదు వందలు పెట్టుకుని పిలిపించుకున్నాం, పెట్టుకోలేని ఇళ్ళు మా వీధిలోనే రెండున్నాయి.

2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఎంతమంది ప్రాణాలు కాపాడిందో మన ఊళ్ళలో ఎవర్నడిగినా చెబుతారు, నేను దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ దాని చూపు ప్రధానంగా ఆపరేషన్ టేబుల్ మీద, వార్డు మంచం మీద. 2019 డిసెంబరులో ఆంధ్రాలో ఆరోగ్య ఆసరా అని తెచ్చి, ఇంటి దగ్గర కోలుకుంటున్న రోగికి రోజుకి 225 రూపాయలు, నెలకి గరిష్ఠంగా 5,000 లెక్కన ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు మంచి పని అనుకున్నాను, రోగి పోగొట్టుకున్న కూలి గురించి ఆలోచించారు అని. ఆ రోగి పక్కన కూర్చున్నందుకు భార్య పోగొట్టుకున్న మిర్చి కోత కూలి మాటేమిటి? 2007లోనే తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది, చూడని పిల్లల్ని ట్రిబ్యునల్‌కి లాగొచ్చు. బాగుంది. అదే పిల్లలు చూద్దామనుకుంటే సెలవేది? ప్రసూతికి 26 వారాలు చట్టంలో రాశారు, తండ్రికి పక్షవాతం వస్తే ప్రైవేటు ఉద్యోగికి అలాంటి సెలవేదీ చట్టంలో లేదు. నేను మా మేనేజర్‌ని బతిమాలుకుని మూడు వారాలు ఇంటి నుంచి పని తెచ్చుకున్నాను, మంచం పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని, మ్యూట్ చేసి, గొంతులో కఫం లాగే సక్షన్ మెషీన్ ఆన్ చేస్తూ. ఆ తర్వాత జీతం లేని సెలవు, ఆ తర్వాత ఉద్యోగమా నాన్నా అన్న ప్రశ్న. ఆ ప్రశ్న ఎవరికీ రాకూడదు.

మా అన్నయ్య డల్లాస్‌లో ఉంటాడు. వాడి మీద చాలా కోపంగా ఉండేదాన్ని అప్పట్లో. డబ్బు పంపుతాడు, రోజూ రాత్రి వీడియో కాల్ చేస్తాడు, చేసి "అమ్మా, ఇవాళ ఎందుకు స్నానం చేయించలేదు?" అని అడుగుతాడు. దూరంగా ఉన్నవాళ్ళకి ఒక మాట చెప్పాలనుంది, తిట్టడానికి కాదు. దూరం నుంచి కూడా చేయాల్సిన పని బోలెడుంది, లెక్కలు అడగడం తప్ప. ఒకరోజు ఏడ్చేసి వాడితో పోట్లాడాక, మందుల ఆర్డర్లు, డాక్టర్ అపాయింట్‌మెంట్లు, ఇన్సూరెన్స్ కాగితాలు, ఫిజియోకి డబ్బులు పంపడం అన్నీ వాడే తీసుకున్నాడు. డిశ్చార్జ్ సమ్మరీ నాలుగు పేజీలూ కూర్చుని తెలుగులో రాసి పంపాడు, పెద్దక్షరాలతో. అమ్మ దాన్ని ఫ్రిజ్‌కి అంటించింది. అది మొదటి రోజే ఉండాల్సింది.

నాన్న సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే రోగిని చూసుకోవడం గురించి మాట్లాడుతూ రోగినే మర్చిపోతుంటాం. నేను డైపరు మార్చబోతే ఆయన గోడవైపు తిరిగి కళ్ళు గట్టిగా మూసుకునేవారు. కూతురి చేత చేయించుకోవాల్సి వచ్చిందని. నెలకి ఇరవై రెండు వేలిచ్చి ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నాం, ఇరవై రోజులకి మానేశాడు, ఇంకొకడు వచ్చాడు, వాడూ మానేశాడు. మళ్ళీ అమ్మే. అరవై ఏళ్ళు ఆవిడకి, మోకాళ్ళ నొప్పులు, డెబ్భై కేజీల మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, రాత్రిళ్ళు అలారం పెట్టుకుని. నాలుగో నెలలో అమ్మ బీపీ చూస్తే 180 దాటింది. ఆవిడ మాత్రలు తాను వేసుకోవడం మానేసిందని అప్పుడు తెలిసింది, నాన్నవి ఒక్కటి కూడా తప్పలేదు.

ఇక పలకరింపులు. మొదటి నెలలో మా ఇంటికి కనీసం అరవై మంది వచ్చి ఉంటారు. యాపిల్ పళ్ళు, హార్లిక్స్, కొబ్బరిబోండాలు, ట్యూబుతో జావ తాగే మనిషికి. మంచి మనసుతోనే వచ్చారు, ఒక్కళ్ళని కూడా చెడ్డగా అనలేను. కానీ మంచం పక్కన కూర్చుని, మా తోడల్లుడికీ ఇలాగే వచ్చింది, ఏడాది తీసుకుని తీసుకుని పోయాడు అని చెబుతుంటే నాన్న కళ్ళలోంచి నీళ్ళు కారేవి. మాట రాకపోతే చెవులు కూడా పోయాయనుకుంటారు జనం. ఒకావిడ పావురం రక్తం రాయమంది. ఇంకొకాయన పసరు మందు ఇప్పిస్తానని, అది వేసినన్నాళ్ళు ఇంగ్లీషు మందులు ఆపేయాలని పట్టుబట్టాడు, అమ్మ ఊగిసలాడింది కూడా, రక్తం పలచబడే మాత్ర ఆపితే ఏమవుతుందో డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పించాల్సి వచ్చింది. సాయం పేరుతో చేయి పట్టుకుని లేపినవాళ్ళ వల్ల కుడిభుజం నెల రోజులు నొప్పి. వచ్చినవాళ్ళందరికీ కాఫీ పెట్టింది ఎవరనుకున్నారు?

అందులోంచే ఒక మనిషి వేరుగా నిలబడ్డాడు. నాన్న స్నేహితుడు, మేము పోస్టాఫీసు బాబాయ్ అంటాం. రెండోసారి వచ్చినప్పుడు ఫిజియో అబ్బాయి ఉన్నాడు. బాబాయ్ కుర్చీ లాక్కుని చూస్తూ కూర్చున్నాడు, మధ్యలో లేచి, "బాబూ, నాకూ ఒకసారి చూపించు" అన్నాడు. పంచె బిగించి, నాన్న నడుముకి తువ్వాలు చుట్టి, దాన్ని రెండు చేతులా పట్టుకుని, తన మోకాలు నాన్న మోకాలికి ఆనించి లేపడం ఆ రోజు నేర్చుకున్నాడు. మర్నాటి నుంచి సాయంత్రం ఆరింటికి ఠంచనుగా వచ్చేవాడు. "ఒరేయ్ లేవరా, నిన్న ఏడడుగులేశావు, ఇవాళ ఎనిమిది" అని. మేమెవరం అడిగినా లేవని మనిషి బాబాయ్ మాటకి లేచేవారు. భార్య ముందు, పిల్లల ముందు రోగి అయిపోయిన మనిషి నలభై ఏళ్ళ నేస్తం ముందు మాత్రం ఇంకా 'ఒరేయ్'గానే ఉన్నాడు. ఆ ఒక్క అరేయ్, ఒరేయ్‌లు చేసిన పని ఏ మాత్రా చేయలేదు. పక్షవాతం తర్వాత దిగులు కమ్మేయడం చాలామందిలో ఉంటుందని డాక్టర్ ముందే చెప్పాడు, నాన్న దానిలోకి జారుతున్నారని మాకు కనిపిస్తూనే ఉంది, చెయ్యి పట్టి ఆపింది బాబాయే.

తర్వాత టీకొట్టు బ్యాచ్‌లో ఇంకో ముగ్గుర్ని లాక్కొచ్చాడు. మా హాల్లో గోడ కేలండర్ మీద తేదీల పక్కన ఎవరొస్తారో వాళ్ళ పేరు మొదటి అక్షరం రాసుకున్నారు. ఒకాయన మంగళవారం మందుల షాపుకి వెళ్తాడు. ఒకాయన ఆదివారం పొద్దున మూడు గంటలు కూర్చుంటాడు, ఆ మూడు గంటలూ అమ్మ పడుకుంటుంది. ఎవరైనా రేపు పలకరించడానికి వెళ్తుంటే దయచేసి పళ్ళు కొనే ముందు ఇది ఆలోచించండి. "ఏదైనా కావాలంటే చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు, అమ్మలాంటివాళ్ళు అసలే చెప్పరు. "రేపు రెండింటి నుంచి నాలుగింటి దాకా నేనుంటా వదినా, మీరు తలుపేసుకుని పడుకోండి" అని చూడండి.

కేరళలో దీన్ని ఎప్పుడో ఒక పద్ధతిగా చేశారు. 1993లో కోళికోడ్ మెడికల్ కాలేజీలో చిన్న పాలియేటివ్ క్లినిక్‌గా, అంటే పెద్ద జబ్బులవాళ్ళకి నొప్పీ బాధా తగ్గించే చోటుగా, మొదలైన పని, 90ల చివరికి మలప్పురం జిల్లాలో ఊళ్ళలోకి వెళ్ళింది. కాలేజీ పిల్లలు, ఆటో డ్రైవర్లు, రిటైరైన టీచర్లు కొన్ని గంటల శిక్షణ తీసుకుని తమ వీధిలో మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళడం, చిన్న చిన్న చందాలతో నడపడం. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం పాలియేటివ్ కేర్ విధానం ప్రకటించింది, ఇప్పుడు పంచాయతీలు నర్సుల్ని ఇళ్ళకి పంపుతాయి. మన దగ్గర డ్వాక్రా గ్రూపులున్నాయి, ఆశా కార్యకర్తలున్నారు, భజన మండళ్ళున్నాయి, పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులున్నాయి. మనుషులు లేరని మాత్రం ఎవరూ నాతో అనకండి. మా వీధిలో నలుగురు రిటైరైన మగాళ్ళు కేలండర్ మీద నాలుగక్షరాలు రాసుకుంటే అయిన పని ఇది. వాళ్ళకి ఎవరైనా ఒక పూట సరిగ్గా నేర్పి ఉంటే ఇంకెంత బాగా అయ్యేదో.

ఇప్పుడు నాన్న కర్ర పట్టుకుని వీధి చివరి దాకా వెళ్తారు. కుడిచేతి వేళ్ళు ఇంకా సరిగ్గా ముడుచుకోవు, చొక్కా గుండీలు ఎడమచేత్తో పెట్టుకోవడం నేర్చుకున్నారు. పోయిన నెలలో అమ్మ చీరాలలో ఉన్న మా పిన్ని దగ్గరికి వెళ్ళింది, నాన్నకి పక్షవాతం వచ్చిన తర్వాత ఆవిడ ఇల్లు దాటి వేరే ఊళ్ళో పడుకోవడం ఇదే మొదటిసారి. మూడు రోజులని చెప్పి వెళ్ళింది. రాత్రిళ్ళు నేను, పగలు టీకొట్టు బ్యాచ్, మధ్యాహ్నం భోజనం ఎదురింటి నుంచి. వెళ్ళే ముందు ఫ్రిజ్ మీద కాగితంలో ఉన్నవన్నీ మళ్ళీ ఒకసారి మాకు చదివి వినిపించింది, తెలుగులో, వేలు పెట్టి ఒక్కో లైనూ. మొదటి రోజు ఆరుసార్లు ఫోన్ చేసింది, రెండో రోజు రెండుసార్లు. మూడో రోజు సాయంత్రం చేసి, సముద్రం దగ్గరున్నాం, ఇంకో రెండు రోజులు ఉండి వస్తానే, అంది.